డ్రైవర్ల అల్లుడు

సంక్రాంతికి అత్తారింటికొచ్చే అల్లుళ్లలో పేకాట అల్లుళ్లు, నిద్ర అల్లుళ్లు, అలిగే అల్లుళ్లు పూర్వం నుంచీ ఉన్నారు. డ్రైవర్ల అల్లుడు ఈమధ్య తయారైన రకం. ఒక చేత్తో అరిసె పట్టుకుని, రెండో చేత్తో బావమరిది ల్యాప్‌టాప్ మూత ఎత్తుతాడు.

"గ్రాఫిక్స్ డ్రైవర్ ఎప్పుడు అప్‌డేట్ చేశావు?"

"బాగానే నడుస్తోంది బావా."

ఆ మాట అనకూడదు. బాగా నడుస్తున్న దాన్ని చూస్తే అతని చేతులు ఊరుకోవు. డివైస్ మేనేజర్ తెరిచి డిస్‌ప్లే అడాప్టర్స్ నొక్కుతాడు. ఇంటెల్ ఒకటి, ఎన్విడియా ఒకటి బయటపడతాయి. "చూశారా మావయ్యగారూ, మీ ఇంట్లో రెండు గ్రాఫిక్స్ ఉన్నాయి!" మావగారు ఆ రెంటి పోషణా తన మీదే పడుతుందేమోనని పేపరు అడ్డం పెట్టుకుంటారు.

మంచి డ్రైవర్ ఇప్పటికే ఉందని విండోస్ చెబుతుంది. నమ్మడు. ఎన్విడియా సైటుకెళ్తాడు. అక్కడ ఆటలకు గేమ్ రెడీ, వీడియో పనులకు స్టూడియో. బావమరిది ఆడేది చదరంగం, ఎడిట్ చేసేది రెజ్యూమె. అయినా గేమ్ రెడీయే దించుతాడు, వందల ఎంబీలు, బావమరిది ఫోన్ డేటా మీదే.

తర్వాత ఇంటెల్ వంతు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎన్విడియా బొమ్మ గీసినా, దాన్ని తెరకు అందించేది ఇంటెల్ చిప్పే. ల్యాప్‌టాప్ కంపెనీ తన మోడల్‌కు తగ్గట్టు దిద్దిన డ్రైవర్ ఇస్తుంది. ముందు చూడాల్సింది అక్కడ. అతనికి తెలియక కాదు. "వాళ్లది పాతది" అంటాడు. పాతది అన్నది అతని దగ్గర తిట్టు.

"శుభ్రంగా చేద్దాం" అని ఉన్న డ్రైవర్‌ను ఫైళ్లతో సహా పీకేస్తాడు. కొత్తది సగంలో మొరాయిస్తుంది. తెర నల్లబడి, మళ్లీ వెలిగేసరికి ఒక్కో ఐకాన్ భోగి పిడకంత. వెలుతురు తగ్గించే మీట పనిచేయదు. ఇంటెల్ పేరున్న చోట 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్', తేదీ 2006 జూన్ 21.

"2006! నేను చెప్పలేదూ?"

విండోస్‌తో పాటు వచ్చే డ్రైవర్లకు మైక్రోసాఫ్ట్ కావాలనే ఆ తేదీ వేస్తుంది, కంపెనీల డ్రైవర్ ఏదొచ్చినా దానికంటే కొత్తదిగా లెక్కకు రావాలని. పండక్కొచ్చిన అల్లుడికి ఈ సంగతి ఎవరు చెబుతారు?

రోల్ బ్యాక్ డ్రైవర్ బటన్ మసగ్గా, నొక్కుడు పడకుండా ఉంటుంది. వెనక్కెళ్లడానికి పాతది మిగిల్చితేగా! చివరి అస్త్రంగా విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కుతాడు. తెర రెప్పవేసి బీప్‌మంటుంది. ఉన్న డ్రైవర్‌ను మళ్లీ మొదలుపెట్టే మీటలే గానీ, లేనిదాన్ని పుట్టించేవి కావవి. పిల్లలకు మాత్రం నచ్చుతుంది. "ఇంకోసారి బాబాయ్!"

అర్ధరాత్రి దాటాక బావమరిది కంపెనీ సైటు నుంచి ఆ పాత డ్రైవరే దించి, ఎక్కించి, నోరెత్తకుండా పడుకుంటాడు. కనుమ పొద్దున అల్లుడు మూత ఎత్తి, "ఇప్పుడు ఎంత స్మూత్‌గా ఉందో చూడు" అంటాడు. అత్తగారు సంతోషించి ఇంకో రెండు గారెలు వడ్డిస్తారు.

అతని ఆఫీసు ల్యాప్‌టాప్ సంగతి భార్య ఒక్కదానికే తెలుసు. ఏ డ్రైవర్ ముట్టుకున్నా అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అదేమో ఐటీ వాళ్ల దగ్గరుంటుంది. "వాల్‌పేపర్ కూడా మార్చుకోనివ్వరమ్మా. ఈ మూడు రోజులైనా చేసుకోనీ" అంటుంది వంటింట్లో తల్లితో.