సీటొచ్చిన సైకాలజిస్టు

మెడిసిన్‌లో సీటొచ్చినవాడు నాలుగైదేళ్ళు గడిస్తే గానీ నాడి పట్టడు. లాలో సీటొచ్చినవాడు నల్లకోటు కోసం ఓపిక పడతాడు. సైకాలజీలో సీటొచ్చిన పిల్లకి మాత్రం ఆగడం ఉండదు, ఆగడాలే. సీటు ఖాయమైనట్టు ఫోన్లో మెసేజ్ టింగుమన్న నిమిషం నుంచే ప్రాక్టీసు మొదలు. ఇలాంటి శాల్తీ మీ వీధిలోనూ ఉండే ఉంటుంది. మా ఇంట్లో ఉన్నది మా అన్నయ్య కూతురు మౌనిక. ఆ పేరు పెట్టినవాళ్ళని తప్పుపట్టలేం, అప్పటికింకా దానికి మాటలు రాలేదు.

లెక్కలకి భయపడి ఇంటర్లో బైపీసీ తీసుకుంది. నీట్ ఫలితాలొచ్చాక బైపీసీయే దాన్ని చూసి భయపడింది. చివరికి 'దోస్త్'లో వెబ్ ఆప్షన్లు పెట్టి, రెండో విడతలో బీఏ సైకాలజీ తెచ్చుకుంది.

"అంటే ఎర్రగడ్డలో ఉద్యోగమా?" అన్నాడు అన్నయ్య.

"నువ్విప్పుడు డినయల్‌లో ఉన్నావు నాన్నా. దీని తర్వాత కోపం వస్తుంది."

వచ్చింది.

"మందులు రాసేది సైకియాట్రిస్టులు నాన్నా, వాళ్ళు ఎంబీబీఎస్ మీదుగా వస్తారు. మేం మాట్లాడతాం."

"మాట్లాడటానికి నీకు కాలేజీ ఎందుకే?" అంది వదిన వంటింట్లోంచి.

క్లాసులకి ఇంకా నెల ఉందనగా కోఠీ వెళ్ళి, మోర్గన్, కింగ్ రాసిన లావుపాటి సైకాలజీ పుస్తకం సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కొచ్చింది. అంతకుముందు దాన్ని చదివినవాళ్ళెవరో మొదటి పేజీ నుంచి ప్రతి వాక్యం కిందా పసుపు రంగు పూశారు. రెండో అధ్యాయం సగంలో పసుపు ఆగిపోయింది. మనవాళ్ళ మనస్తత్వం గురించి ఆ పుస్తకంలో ఉన్న పాఠాలన్నిటికంటే ఆ రంగే ఎక్కువ చెబుతోందనిపించింది నాకు.

ఒక నోట్‌బుక్కు తెరిచి ఇంటిల్లిపాదికీ తలా రెండు పేజీలు కేటాయించింది. పోపుడబ్బాలో గిన్నెలు వరసలో ఉండాలంటుంది కాబట్టి వదినకి ఓసీడీ. పాత కరెంటు బిల్లులు దాచుకుంటాను కాబట్టి నాకు అటాచ్‌మెంట్ సమస్య. మా నాన్న రిటైర్డ్ లెక్కల మాస్టారు. మధ్యాహ్నం ఆయన కాఫీ తాగుతుంటే లాల్చీ మీద నాలుగు చుక్కలు ఒలికాయి. మౌనిక పెన్ను మూత తీసి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"దీన్ని చూస్తే మీకేం కనిపిస్తోంది తాతయ్యా? తొందరేం లేదు, మనసుకి తోచింది చెప్పండి."

నాన్న కళ్ళజోడు సర్దుకుని చూసుకున్నాడు. "మరకలా కనిపిస్తోందమ్మా."

సిరామరకల పరీక్షని రోర్షాక్ 1921లో పది కార్డులతో లోకానికి ఇచ్చాడట. మరకని మరకే అనే మనిషి ఆయనకి తగిలాడో లేదో గానీ, మౌనిక మాత్రం నోట్‌బుక్కులో 'ప్రతిఘటన' అని రాసి కింద రెండు గీతలు గీసింది.

సైకాలజీకని ప్రత్యేకంగా మొదటి ప్రయోగశాలని వుంట్ 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో పెట్టాడు. తర్వాతది మా వరండాలో వెలిసింది. పావ్లోవ్ తన కుక్కల మీద చేసిన ప్రయోగంలా, వీధికుక్కకి బిస్కెట్ వేసే ముందు పూజగంట కొట్టడం, అది ఎన్ని సెకన్లలో వచ్చిందో ఫోన్లో చూసి రాసుకోవడం. గంట వినగానే కుక్క తోకాడిస్తూ వచ్చేది. పావ్లోవ్ గెలిచాడు. నాన్న ఓడిపోయాడు. ఆయన హారతికి గంట ఎత్తేసరికి కుక్క దేవుడిగది గుమ్మంలో నాలుక చాపి నిలబడేది.

"బిస్కెట్ పెట్టకుండా గంట కొడుతూ ఉంటే రావడం దానంతటదే మానేస్తుంది తాతయ్యా. దాన్ని ఎక్స్‌టింక్షన్ అంటారు."

మానేసింది కూడా. వారం తర్వాత, శ్రావణ శుక్రవారంనాడు మళ్ళీ ప్రత్యక్షమైంది. దానికీ పుస్తకంలో పేరుంది, దాని పేరు స్పాంటేనియస్ రికవరీ. నాన్న దానికి వేరే పేరు పెట్టాడు, అది రాయకూడదు.

ఇక కాలనీ. సైకాలజీ చదివే పిల్ల దొరికితే జనం అడిగేది ఒకటే: "నా మనసులో ఏముందో చెప్పుకో చూద్దాం!" మౌనిక ఒక్క క్షణం కళ్ళలోకి చూసి, "మీరు పైకి గట్టిగా కనిపిస్తారు గానీ లోపల చాలా సున్నితం ఆంటీ. అందరికీ చేస్తారు, మిమ్మల్ని ఎవరూ అర్థం చేసుకోరు" అనేది. పక్కింటావిడ కళ్ళు ఒత్తుకుని గిన్నెడు సేమ్యా పాయసం పంపింది. ఎదురింటావిడ బొబ్బట్లు పంపింది. మూడో ఇంట్లోంచి పులిహోర. ఫీజులు వసూలవుతున్న జోరు చూసి అన్నయ్య కోపం కూడా తగ్గింది.

ఒకరాత్రి ఫోన్లో ఏదో చదువుతూ మౌనిక పాలిపోయింది. ఫోరర్ అనే అమెరికన్ ప్రొఫెసరు 1948లో తన క్లాసులో 39 మందికి పరీక్ష పెట్టి, ఎవరి స్వభావం వాళ్ళకి రాసిచ్చాడు. ఎంత సరిపోయిందో అయిదుకి మార్కులు వెయ్యమంటే సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అందరి చేతిలోనూ ఒకటే కాగితం. అందులో వాక్యాలు జాతకాల పుస్తకంలోంచి ఏరినవి.

"నేను ఆంటీలకి చెప్పింది ఇదే కదా నాన్నమ్మా!"

"చిలకజోస్యంవాడు కూడా నాకదే చెప్పాడే. పది రూపాయలకి" అంది మా అమ్మ, బొబ్బట్టు తుంచుకుంటూ. "వాడైతే చిలకని కూడా పోషించుకోవాలి పాపం."

మర్నాటి నుంచి మౌనిక కాలనీలో తలొంచుకుని నడిచింది. నోట్‌బుక్కులో ఓసీడీ, అటాచ్‌మెంట్ కొట్టేసింది. నిజంగా బోర్డు తగిలించాలంటే డిగ్రీ చాలదనీ, పీజీ చేసి, ఆపైన రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన క్లినికల్ శిక్షణ పొందాలనీ తెలుసుకుంది. ఆ మాట అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. కోపం దశ మళ్ళీ మొదటికొస్తుందని.

అసలు దెబ్బ క్లాసులు మొదలయ్యాక తగిలింది. సిలబస్‌లో సగటు, మధ్యగతం, ప్రామాణిక విచలనం! లెక్కల నుంచి పారిపోయి సందులన్నీ తిరిగి వచ్చిన పిల్లకి, చివరి సందు మలుపులో లెక్కలే ఎదురొచ్చి నిలబడ్డాయి. ఆ సాయంత్రం నోట్‌బుక్కు పట్టుకుని తాతయ్య కుర్చీ పక్కన చేరింది.

నాన్న ఒక్క మాట దెప్పలేదు. పేజీలు తిప్పి కుక్క లెక్క పట్టుకున్నాడు. అయిదు రోజులకి 8, 6, 9, 5, 7 సెకన్లు. సగటు 7. తేడాల వర్గాలు కూడితే 10, అయిదుతో భాగిస్తే 2, దాని వర్గమూలం సుమారు 1.4. "చూశావా, నీ కుక్క చాలా క్రమశిక్షణ గలది. మీ నాన్న స్కూలుకి ఇంత నిలకడగా వెళ్ళలేదు" అన్నాడు. తర్వాత కొత్త పేజీలో ఒక గీత పైకెక్కించి, అలాగే రెండోవైపు దించాడు. బోర్లించిన గంటలా వచ్చింది బొమ్మ. పెన్ను మూత తీసిపట్టుకుని, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"దీన్ని చూస్తే నీకేం కనిపిస్తోందమ్మా? తొందరేం లేదు, మనసుకి తోచింది చెప్పు."

మౌనిక చాలాసేపు చూసింది. "లెక్కలా కనిపిస్తోంది తాతయ్యా."

నాన్న నోట్‌బుక్కులో 'ప్రతిఘటన' అని రాసి, కింద రెండు గీతలు గీశాడు.