కదిరి ఎండలకు తగిన కంప్యూటర్ డబ్బా: పని ఎగ్గొట్టేవారికి పక్కా చిట్కాలు

ఇంట్లో డెస్క్‌టాప్ కంప్యూటర్ బాగా నడుస్తున్నంతకాలం మీకు విశ్రాంతి ఉండదు. బెంగళూరు ఆఫీసువాళ్లు ఇంటి నుంచే పని చేయమంటారు. పక్కింటి అత్త దరఖాస్తు నింపి పెట్టమంటుంది. బావమరిది పెళ్లిపత్రిక డిజైన్ చేసిమ్మంటాడు. వీళ్ల మొహం మీద కుదరదని మనం చెప్పలేం. ఆ మాట మన బదులు కంప్యూటరే చెప్పాలి. రోజూ మధ్యాహ్నం భోజనం వేళకు అది తనంతట తాను ఆగిపోవాలి. దానికి కావాల్సినవి రెండే: సరైన డబ్బా, సరైన కూలింగ్. రెండూ మన కదిరిలోనే కుదురుతాయి.

ముందు సూత్రం తెలుసుకోండి. వేడి వంద డిగ్రీల దరిదాపుకు వస్తే ఇప్పటి ప్రాసెసర్లు వేగం తగ్గించుకుంటాయి. అప్పటికీ చల్లబడకపోతే ఆగిపోతాయి. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వెబ్‌సైటు వాళ్లు నడుస్తున్న చిప్‌ల మీది హీట్‌సింక్ ఊడదీసి చూశారు. ఏఎండీ అథ్లాన్ కాలిపోయింది. ఇంటెల్ పెంటియం 4 నెమ్మదించి బతికింది. ఈనాడు రెండు కంపెనీల చిప్‌లలోనూ ఆ రక్షణ ఉంది. అంటే తయారు చేసినవాళ్లే మీ సెలవు చీటీ రాసి లోపల పెట్టారు. దాన్ని బయటికి తీయడమే మన పని.

1. పడమటి గది ఎంచుకోండి. గాలితో చల్లబరిచే ఏ ఫ్యానూ కంప్యూటర్‌ను గది వేడికన్నా కిందికి దింపలేదు. గది నలభైలో ఉంటే లెక్క నలభైతోనే మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ నలభై మనకు ఉచితం. మిద్దె మీది రేకుల గది దొరికితే ఇంకా మేలు. మీ మంచం మాత్రం కింద, వేపచెట్టు వైపు కిటికీ ఉన్న గదిలో వేసుకోండి.

2. మంచి రోజు చూసుకోండి. ఫాల్గుణంలో ఖాద్రీ లక్ష్మీనరసింహస్వామి తేరు. డబ్బా ఎప్పుడు కడతావని దానికి ముందు ఎవరడిగినా "తేరు కానీ అన్నా" అనండి. తేరు అయ్యాక అడిగితే "ఉగాది కానీ" అనండి. ఉగాది దాటాక ఎండలు వచ్చి మీ తరఫున మాట్లాడతాయి.

3. సామాను ఒక్కొక్కటిగా కొనండి. బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో అన్నీ ఒకే రోజు దొరుకుతాయి. అందుకే అన్నీ ఒకే రోజు కొనకూడదు. కొంటే అదే వారం బిగించాల్సి వస్తుంది. ఒకసారి ఫ్యాన్లకు వెళ్లండి. మరోసారి స్క్రూలకు వెళ్లండి. ఇంటెల్ బోర్డుకు ఏఎండీ బిగింపు తెచ్చుకోండి. మార్చుకోవడానికి ఇంకో ప్రయాణం పడుతుంది. బిల్లు బస్సులోనే పారేయండి. అప్పుడు మార్చుకోవడం కూడా కుదరదు, కొత్తది కొనడానికి డబ్బులు పోగయ్యేదాకా ఆగాలి.

4. గాలి ఆడని డబ్బా కట్టండి. ఇందులో మీకు గొప్ప పూర్వీకులున్నారు. 1980లో యాపిల్ 3 కంప్యూటర్‌ను స్టీవ్ జాబ్స్ పట్టుబట్టి ఫ్యాన్ లేకుండా చేయించారు. లోపలి చిప్‌లు వేడికి తమ గుంటల్లో వదులయ్యాయి. కంప్యూటర్‌ను బల్ల మీంచి కొన్ని అంగుళాలు పైకెత్తి వదిలేయమని కంపెనీయే సలహా ఇచ్చింది. ఇదే మీ మొదటి రిపేరు పద్ధతి. ఎవరైనా చూస్తున్నప్పుడు ఎత్తి వదలండి, కష్టపడుతున్నట్టు ఉంటుంది. 2000లో యాపిల్ మళ్లీ ఫ్యాన్ లేని చిన్న ఘనాకారపు జీ4 క్యూబ్ తెచ్చింది. ఏడాదికే తయారీ ఆపేసింది. అందం ముందు, గాలి తర్వాత అన్న ఆ దారిలోనే మీరూ నడవండి. పెళ్లినాటి ట్రంకుపెట్టె, బియ్యం డబ్బా, పాత చెక్క బీరువా, ఏదైనా సరే. మూత గట్టిగా పడాలి. రంధ్రాలు ఉంటే ఎంసీల్ పెట్టి మూసేయండి.

5. భాగాలన్నీ విడదీయండి. 2009లో బీఎండబ్ల్యూ డిజైన్ సంస్థతో కలిసి థర్మల్‌టేక్ వాళ్లు లెవెల్ 10 అనే కేసు తెచ్చారు. అందులో ఒక్కో భాగానికి ఒక్కో గది ఉంటుంది. మీరు ఇంకో అడుగు ముందుకు వేయండి. మదర్‌బోర్డు మిద్దె మీద, హార్డ్ డిస్క్ అటక మీద పెట్టండి. ఆ రెండింటినీ కలిపే సాటా కేబుల్‌కు నియమం ప్రకారం ఒక మీటరే హద్దు. కాబట్టి మీటరున్నర దూరం ఉంచండి. ఫైల్ ఎక్కడని ఆఫీసువాళ్లు అడిగితే "అటక మీద ఉంది సార్" అనండి. అది నిజమే కాబట్టి మీ మాటకు విలువ ఉంటుంది.

6. ఫ్యాన్లను ఎదురెదురుగా బిగించండి. ముందు నుంచి చల్లగాలి లోపలికి, వెనక పైభాగం నుంచి వేడిగాలి బయటికి పోవాలని అందరూ చెప్తారు. వేడిగాలి పైకే పోతుంది కాబట్టి ఆ పద్ధతి నిజంగా పనిచేస్తుంది. దాని జోలికి పోకండి. ఫ్యాన్లన్నీ లోపలికే ఊదాలి. పైన అమ్మ పాత ధర్మవరం పట్టుచీర నాలుగు మడతలు వేసి కప్పండి. దుమ్ము పడకుండా అని చెప్పండి. దట్టమైన నేతలోంచి గాలి సరిగా ఆడదు. జరీ అంచు బయటికి కనబడేలా సర్దితే దాన్ని తీసి పక్కన పెట్టే ధైర్యం ఎవరికీ రాదు. ఆయుధపూజ రోజు కుంకుమ ఫ్యాన్ల మీదే చల్లండి. ఆ తర్వాత ఏడాదంతా తుడవకండి. తుడిస్తే పూజ పోతుందనండి.

7. బానలో దింపండి. మట్టి గోడలోంచి ఊరిన నీళ్లు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతాయి. గాలి పొడిగా ఉన్నచోట ఇది బాగా పనిచేస్తుంది. మన ఎండాకాలం గాలి పొడిగానే ఉంటుంది. ఇంతవరకు సైన్సు. ఇది చెప్పి ఇంట్లోవాళ్లను ఒప్పించండి. తర్వాత కుమ్మరి దగ్గర పెద్ద బాన తెచ్చి మదర్‌బోర్డు అందులో దించండి. చుట్టూ తడి గోనెసంచి కట్టండి. మూడు నాలుగు రోజులకు లోపలంతా చెమ్మ పడుతుంది. తడపడానికి బోరు నీళ్లే వాడండి. మన బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. ఉప్పులున్న నీళ్లు కరెంటును బాగా పంపుతాయి, ఆరాక తెల్లటి పెచ్చు కడతాయి. కరెంటు సప్లై పెట్టెను మాత్రం దూరంగా పొడి బల్ల మీద ఉంచండి, ఎప్పుడూ విప్పకండి. షాక్ కొడితే ఆస్పత్రి, అక్కడి నుంచి వచ్చాక చూడ్డానికి వచ్చే చుట్టాలు. విశ్రాంతి మొత్తం పోతుంది.

8. నీళ్ల గొట్టాలు వేస్తే లోహాలు కలపండి. రాగి బ్లాకుకు అల్యూమినియం రేడియేటర్ జోడించండి. రెండు లోహాలూ ఒకే నీళ్లలో ఉంటే అల్యూమినియాన్ని తుప్పు మెల్లగా తినేస్తుంది. గొట్టాలు పారదర్శకంగా ఉండాలి, కిటికీ ఎండ తగలాలి. కొన్నాళ్లకు పచ్చటి పాచి పడుతుంది. గొట్టాలు బిగించాక ఒక రోజంతా లీకేజీ పరీక్ష చేయాలన్నది తెలిసినవాళ్లు పాటించే నియమం. మీరు దాన్ని ప్రతి సోమవారం పాటించండి. ఆ రోజు కంప్యూటర్ వేయకూడదు, జాగ్రత్తపరులు కాబట్టి.

9. ప్రాసెసర్ మీద పళ్లపేస్టు రాయండి. మొదటి రోజు థర్మల్ పేస్టుకు దగ్గరగా పనిచేస్తుంది. ఆ రోజే ఫొటో తీసి ఇంట్లో అందరికీ చూపించండి. తర్వాత తడి ఆరి పొడిబారుతుంది, వేడి పెరుగుతుంది. ఇంకా మంచి ఫలితం కావాలంటే హిందూపురం మార్కెట్ చింతపండు గుజ్జు రాయండి. రాగి చెంబులను చింతపండుతోనే తోముతాం. ఆ పులుపు హీట్‌సింక్ రాగిని ఊరికే వదలదు.

10. నూనెలో ముంచండి. కూలింగ్ పద్ధతులన్నిటిలో మన ఊరికి తగినది ఇదే. 1985 నాటి క్రే-2 సూపర్ కంప్యూటర్ సర్క్యూట్లు ఫ్లోరినర్ట్ అనే ద్రవంలో మునిగి నడిచేవి. 2006లో టామ్స్ హార్డ్‌వేర్ వాళ్లు కంప్యూటర్‌ను ఎనిమిది గ్యాలన్ల వంటనూనెలో ముంచి నడిపారు. అంటే దాదాపు 30 లీటర్లు. నూనె కరెంటును పంపదు కాబట్టి కంప్యూటర్ నడుస్తుంది. మనకు నూనెకు కొదవా? కదిరి-6, కదిరి-9, కదిరి లేపాక్షి అని వేరుశెనగ రకాలకే మన ఊరి పేరు పెట్టారు. గానుగ ఆడించిన శెనక్కాయ నూనె తెచ్చి చేపల తొట్టి నింపండి.

ఇప్పుడు లెక్క చూడండి. 200 వాట్లు తినే కంప్యూటర్ 30 లీటర్ల నూనెను, వేడి బయటికి పోకుంటే, గంటకు సుమారు 13 డిగ్రీలు పెంచుతుంది. ఉదయం తొమ్మిదికి 35 డిగ్రీలతో మొదలైతే పన్నెండుకు 74 దగ్గరకు వస్తుంది. పొద్దున మీటింగులో మీరు హాజరు, మధ్యాహ్నం కంప్యూటర్ గైర్హాజరు. తొట్టికి మూత వేసి దుప్పటి చుడితే ఈ వేళ తప్పదు. రేడియేటర్ పెట్టొద్దు, పెడితే సాయంత్రం దాకా నడుస్తుంది.

హార్డ్ డిస్క్‌ను కూడా ముంచండి. మామూలు డిస్కులకు గాలి పీల్చే సన్నటి రంధ్రం ఉంటుంది, నూనె అందులోంచి లోపలికి పోతుంది. పాత ఫైళ్ల బాధ అంతటితో తీరుతుంది. కేబుళ్ల వెంట నూనె పైకి పాకి కీబోర్డు దాకా వస్తుంది. వారాలు గడిచేకొద్దీ వైర్ల పైతొడుగు గట్టిపడుతుంది, నూనె ముక్కిపోయి వాసన వస్తుంది. అప్పుడు సర్వీసువాళ్లు కూడా ముట్టుకోరు. తొట్టిని పొయ్యికి దూరంగా ఉంచండి. నిప్పంటుకుంటే ఆర్పే పని మీ మీదే పడుతుంది.

11. ఫ్రిజ్‌లో పెట్టండి. ఇంటి ఫ్రిజ్ పాలూ కూరలూ చల్లగా ఉంచడానికి చేసింది. ఎడతెరిపి లేకుండా వచ్చే రెండు మూడు వందల వాట్ల వేడిని తోడేసే శక్తి దానికి ఉండదు. తలుపు తీసినప్పుడల్లా తేమ గాలి లోపలికి పోయి చల్లటి బోర్డు మీద నీటి బొట్లుగా నిలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, పాలు విరుగుతాయి. అప్పుడు "ఆ కంప్యూటర్ ఆపరా నాయనా" అని అమ్మే అంటుంది. తల్లి మాట జవదాటకండి.

12. దీన్ని పరిశోధన అనండి. 2011లో ఏఎండీ ఎఫ్ఎక్స్-8150 చిప్‌ను ద్రవ హీలియంతో చల్లబరిచి 8.429 గిగాహెర్ట్జ్ దాకా తీసుకెళ్లారు. హీలియం మరిగేది మైనస్ 269 డిగ్రీల దగ్గర. మీ పనంతా దానికి సన్నాహమేనని నాన్నకు చెప్పండి, హీలియం దొరికేదాకా ఆగాలనండి. 2018లో మైక్రోసాఫ్ట్ 864 సర్వర్లను పెద్ద గొట్టంలో పెట్టి స్కాట్లాండ్ ఆర్క్నీ దీవుల దగ్గర సముద్రంలో దించింది, 2020లో పైకి తీసింది. మీరు అదే పని మద్దిలేరులో చేస్తాననండి. ఏట్లో నీళ్లు వచ్చేదాకా మిమ్మల్ని ఎవరూ తొందరపెట్టలేరు. ఈలోగా నీడ ఎలా చల్లబరుస్తుందో చూడ్డానికి తిమ్మమ్మ మర్రిమాను దగ్గరికి పోండి. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన మాను అది. కింద పడుకుని ఊడల మధ్య గాలి ఎటు తిరుగుతుందో గమనించండి. చాప తీసుకెళ్లండి.

13. మనిషిని బట్టి సాకు చెప్పండి. మేనేజరుకు: "సార్, థర్మల్ ఇష్యూ, లాగ్స్ చూస్తున్నా." నాన్నకు: "నాయనా, మిషన్ ఇంకా చల్లారలేదు, ఇప్పుడేస్తే మొత్తానికే పోతుంది." పక్కింటి అత్తకు: "అత్తా, సర్వర్ డౌన్." రిపేరు షాపులో: "అన్నా, లో ఓల్టేజీ." ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పకండి. నలుగురూ ఒకచోట కలిస్తే వడ్రంగి కొలతలు తప్పాడనండి. వడ్రంగి కూడా అక్కడే ఉంటే కరెంటు మీదికి నెట్టండి, అది వచ్చి వాదించదు.

14. చలికాలం జాగ్రత్త. డిసెంబర్, జనవరిలో కంప్యూటర్ బాగుపడే ప్రమాదం ఉంది. రాత్రి చలికి అది చక్కగా నడిచి మీ ఏడాది శ్రమను పాడుచేస్తుంది. వెంటనే బొంత కప్పి, కిటికీలు మూసేసి, పట్టుచీర మడతలు ఎనిమిది చేయండి. అప్పటికీ నడిస్తే నూనె తొట్టికి తిరిగి వెళ్లండి.

ఇవన్నీ వరసగా చేస్తే ఏడాది తిరిగేలోపు మీ కంప్యూటర్ పూర్తిగా మూలనపడుతుంది, మిమ్మల్ని ఎవరూ ఏ పనీ అడగరు. ఇంట్లోవాళ్లు జాలిపడి కొత్తది కొనిస్తామంటారు. వద్దనకండి, సంతోషంగా ఒప్పుకోండి. డబ్బా మాత్రం నేనే కడతానని అప్పుడే మాట తీసుకోండి.