మూత తీస్తే ఆగాలి

నేను డ్రయ్యర్ని. మాచవరంలో ఒక రైతు ఇంటి వెనక వసారాలో, బోరు కుళాయి పక్కన నా చోటు. రెండు తొట్ల వాషింగ్ మిషన్లో పెద్ద తొట్టి ఉతుకుతుంది, చిన్న తొట్టిలో నేను పిండుతాను. ఈ ఇంటి కూతురు అమెరికాలో ఉంటుంది. అక్కడి డ్రయ్యర్ వేడిగాలి పట్టించి బట్టల్ని పూర్తిగా ఆరబెడుతుందని ఫోన్లో చెబుతుంటే విన్నాను. నా పద్ధతి వేరు. నిమిషానికి దాదాపు 1300 చుట్లు తిరిగి, తడి చీరలోని నీళ్ళను నా ఒంటినిండా ఉన్న చిల్లుల్లోంచి బయటికి విసిరికొడతాను. లీటరు నీళ్ళు ఆవిరి కావాలంటే అర యూనిట్ పైనే కరెంటు కాలుతుంది. నేను ఐదు నిమిషాలు తిరిగితే అయ్యే ఖర్చు దాని ముందు లెక్కలోకే రాదు. మిగతా పని దండెం చూసుకుంటుంది.

ఎండాకాలం నాతో ఎవరికీ పనుండదు. రెంటచింతల ఎండలు మా పలనాటివేగా! లుంగీ ఆరేసి అన్నం తినొచ్చేలోగా అప్పడంలా పెళపెళలాడుతుంది. ముసురు పట్టినప్పుడు, పత్తితీతల రోజుల్లో పొద్దున్నే మంచు కమ్మినప్పుడు అందరికీ నేను గుర్తొస్తాను.

నన్ను అరగదీసేది తిరుగుడు కాదు, నీళ్ళు. మా నేల కింద సున్నపురాయి ఉంది. పిడుగురాళ్ళ సున్నం బట్టీలకూ మాచర్ల సిమెంటుకూ అదే ఆధారం. బోరునీళ్ళు ఆ రాయిని కాస్త కాస్త కరిగించుకుని పైకొస్తాయి, ఆరిన చోటల్లా తెల్లగా పొర కడతాయి. నా అడుగున ఒక రబ్బరు సీలుంది. నన్ను తిప్పే ఇరుసు దాని నడుమ నుంచే కిందున్న మోటారు దాకా దిగుతుంది. సీలు అంచు మెత్తగా ఇరుసును కరుచుకుని ఉన్నంతకాలం చుక్క కిందికి జారదు. అంచు మీద సున్నం పేరుకుంటే రబ్బరు బిరుసెక్కి, ఇరుసు రాపిడికి కోసుకుపోతుంది. ఇక నీళ్ళు నేరుగా మోటారు నెత్తినే.

మొదటిసారి మోటారు కాలినప్పుడు వచ్చినాయన కొత్తది బిగించి, డబ్బులు తీసుకుని వెళ్ళిపోయాడు. సీలు వంక చూడనేలేదు. మళ్ళీ వానలు మొదలయ్యేసరికి కొత్త మోటారూ కాలింది. దానికి నేను ఇప్పటికీ బాధపడతాను. మంచి రాగి చుట్ట మోటారు, దాని లోపం ఏమీ లేదు.

రెండోసారి పిడుగురాళ్ళ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ముందు కెపాసిటర్ చూశాడు, అది బాగానే ఉంది. తర్వాత నన్ను గోతాం మీద పడుకోబెట్టి వెనక రేకు విప్పి, టార్చి వేశాడు. ఇరుసు పొడుగునా తుప్పు చార. సీలు దగ్గర చీరంచు దారాలు ఉండలా చుట్టుకుని, వాటి మధ్య మిరపగింజలు, ఒక జాకెట్టు హుక్కు.

“మోటారు తప్పేం లేదు పెద్దమ్మా. పైనుంచి నీళ్ళు కారుతుంటే ఏ మోటారైనా కాలుద్ది” అన్నాడు ఇంటావిడతో.

కాలిన మోటారుతో పాటు సీలు, బుష్షు కూడా మార్చాడు. మోటారును మోసే స్ప్రింగులు మూడింట్లో ఒకటే కుంగింది. అయినా మూడూ తీసేశాడు. కొత్తది ఒక్కటే వేస్తే ఆ పక్క ఎత్తయి, నేను ఒరిగి తిరుగుతాను, తొట్టి గోడకు కొట్టుకుంటాను. ఈ సంగతి తెలిసినవాడి చేతిలో పడటం నా అదృష్టం.

ఇక బ్రేకు. మూత వేస్తే ఒక సన్నటి వైరు బ్రేకు షూని పక్కకు లాగుతుంది, నేను తిరుగుతాను. మూత తీస్తే స్విచ్ కరెంటు ఆపుతుంది, వైరు వదులై షూ వచ్చి ఇరుసు మీది డ్రమ్మును పట్టుకుంటుంది. నా షూ అరిగి రేకు తేలింది, వైరు సాగింది. కరెంటు పోయినా ఊపు మీద చాలాసేపు తిరుగుతూనే ఉండేదాన్ని. తిరిగే తొట్టిలో చెయ్యి పెడితే చీరకొంగు వేళ్ళకు చుట్టుకుని ఎముక విరగ్గొట్టగలదు. పెద్దమ్మ మనవడు మూత ఎత్తి తొంగిచూసినప్పుడల్లా నాకు ప్రాణం పోయినంత పనయ్యేది.

“బ్రేకు తర్వాత చూద్దాంలే అబ్బాయ్, తిరుగుతుందిగా” అంది పెద్దమ్మ.

“తిరిగితే సరిపోద్దా పెద్దమ్మా? మూత తీస్తే ఆగాలి. పిల్లాడున్న ఇల్లు.”

ఆమె ఇంకేం మాట్లాడలేదు. కొత్త షూ, కొత్త వైరు కూడా పడ్డాయి. బిగించాక బట్టలు వేయకుండా బకెట్టు నీళ్ళు పోసి, కింద పాత పేపరు పరిచాడు. చుక్క పడలేదు. అప్పుడు తిప్పి మూత ఎత్తాడు. టక్కున నిలబడ్డాను.

వెళ్ళేముందు రెండు మాటలు చెప్పాడు: ఆఖరి జాలింపుకు బోరునీళ్ళు వద్దు, పంచాయతీ కుళాయి నీళ్ళు పోయాలి, పని కాగానే మూత వేసేయకుండా లోపల ఆరనివ్వాలి. పెద్దమ్మ రెండూ పాటిస్తోంది. పాత సీలు మాత్రం పారేయనివ్వలేదు. కంపెనీకో సైజు ఉంటుందిగా, ఈసారి కొట్లో చూపించడానికని నా వెనక మేకుకు తగిలించింది.