లేత్ మిషను, ముదురు గడప

సోమవారం సాయంత్రం నుంచి మా హాల్లో ఒక లేత్ మిషను కాపురం ఉంటోంది. లేతదనం పేరులోనే, బరువు టన్నుంబావు. హెడ్‌స్టాక్ ఉత్తరం వైపు ఉంది. ఉత్తరానికి తలపెట్టి పడుకున్నది ఇక లేస్తుందా అని పక్కింటి మాస్టారి అనుమానం. టీవీ సీరియల్లో అత్తగారి మొహం చక్ వెనక్కి పోయి గొంతు మాత్రమే మిగిలింది. అమ్మ టెయిల్‌స్టాక్ మీద తువ్వాళ్లు ఆరేస్తోంది. రాత్రి మంచినీళ్లకు లేచిన ప్రతిసారీ నాకు అదే హ్యాండిలు, అదే మోకాలు.

పెరటి షెడ్డులోకి నాన్న దీన్ని తెచ్చినప్పుడు వెనక సందు ఉండేది. ఇప్పుడా సందులో మూడంతస్తుల మేడ ఉంది. అందుకని ఆటోనగర్‌లో కొన్నాయన దగ్గరికి ఇది మా ఇంటి నడిమధ్యలోంచే పోవాలి.

ముఠా మేస్త్రీ పనిమంతుడే. ముందు టెయిల్‌స్టాక్‌ను చివరికంటా జరిపి బిగించాడు. "తల బరువండీ, ఇటు సర్దకపోతే బోర్లా పడిపోద్ది" అన్నాడు. గడ్డపారతో బెత్తెడు లేపి కింద ఇనుప పైపులు తోశారు. వెనక ఖాళీ అయిన పైపును ఓ కుర్రాడు పరిగెత్తి ముందు పెడతాడు. పైపు అడుగు జరిగితే మిషను రెండడుగులు జరుగుతుంది. ఈ వ్యవహారం మొత్తంలో మాకు లాభం చూపించిన లెక్క ఇదొక్కటే. మలుపు దగ్గర పైపును సుత్తితో కొట్టి కాస్త ఏటవాలు చేస్తే, అలిగిన పెళ్లికొడుకులా మెల్లగా మొహం తిప్పుతుంది.

తోసేవాళ్లు ఐదుగురు, చెప్పేవాళ్లు పద్నాలుగు మంది. ఇక్కడే నాకు రోమ్ గుర్తొచ్చింది.

1586లో అక్కడ ఇలాంటి పనే జరిగింది. ఎప్పుడో ఈజిప్టు నుంచి తెచ్చిన ఏకశిలా స్తంభం, 300 టన్నుల పైమాటే. దాన్ని సెయింట్ పీటర్స్ చర్చి పక్క నుంచి ముందుకు జరపాలని పోపు ఐదో సిక్‌స్టస్‌కు బుద్ధి పుట్టింది. డొమెనికో ఫోంటానా అనే ఇంజినీరు సుమారు 900 మందినీ, 75 గుర్రాలనూ పెట్టి ఆ పని చేశాడు. నాకు నచ్చింది ఆ లెక్కలు కావు. స్తంభం లేస్తున్నంతసేపూ ఎవడు నోరెత్తినా మరణశిక్షే అని ఆజ్ఞ వేశారట. ఆహా! ఒక్క పూట ఆ పోపుగారిని మా వీధికి అరువిస్తే చాలు.

కథ అక్కడితో ఆగదు. మధ్యలో తాళ్లు వేడెక్కి తెగబోతుంటే గుంపులోంచి ఓ నావికుడు ప్రాణాలకు తెగించి "తాళ్లకు నీళ్లు!" అని అరిచాడట. పోపు ఉరి తీయకపోగా బహుమానం ఇచ్చాడట. నిజమో కట్టుకథో గానీ, దీన్ని మాస్టారికి చెప్పడం నా బుద్ధితక్కువ. బుధవారం పొద్దున ఆయన బకెట్టుతో దిగారు. మాకు తాళ్లు లేవు మాస్టారూ, గొలుసులండీ అనేలోపే కుమ్మరించారు. పాలరాతి మీద లేత్ నూనె, నూనె మీద నీళ్లు, ఆ పైన మేస్త్రీ. ఆయన కూలబడిన చోటి నుంచి లేవడానికే అరగంట పట్టింది. ఆ రోజు పని అంతే. మాస్టారు మాత్రం ఇప్పటికీ బహుమానం ఇవ్వలేదన్నట్టే చూస్తున్నారు.

గురువారం గడప అడ్డొచ్చింది. "ఇది తీసేస్తే ఐదు నిమిషాల పనమ్మా" అన్నాడు మేస్త్రీ. "మా అత్తగారి నుంచి పసుపు రాస్తున్న గడప నాయనా. మిషను ఉంటే ఉండనీ" అంది అమ్మ. చెక్కలు తెచ్చి అటూ ఇటూ వాలు కట్టేసరికి పొద్దు గుంకింది. దీపాలు పెట్టాక ఇనుము గడప దాటకూడదట. మంగళవారమూ దాటనివ్వలేదు. ఇవాళ శుక్రవారం, అడగనే అక్కర్లేదు.

నిన్న రాత్రి కరెంటు పోయింది. మోకాలు పట్టుకుని మిషను మీదే కూర్చున్నాను. దీన్ని దించాకే షెడ్డు గోడలు లేపారని అమ్మ చెప్పింది. వెంట్రుకవాసి తేడా వచ్చినా షాఫ్టును పక్కన పడేసే నాన్న, ఇది బయటికి పోయే దారి కొలుచుకోలేదా? నేను బ్యాంకు పరీక్షకు చదువుతున్నన్ని రోజులూ ఆయన ఈ మిషనుకు రాత్రిపూట నూనె రాస్తూ ఉండేవారు. మేమిద్దరం ఒకర్నొకరు ఏమీ అడగలేదు.

రేపు పొద్దున్నే ఏడుకల్లా వస్తానన్నాడు మేస్త్రీ. ఇందాక కొన్నాయన ఫోన్ చేశారు.

"ఏమీ అనుకోకండి సార్... రేపు శనివారం కదా. శనివారం ఇనుము ఇంటికి తెచ్చుకోకూడదంటోంది మా అమ్మ."