విభక్తులు ఎరిగిన మట్టెవాడ

మట్టెవాడలో ఎవరినైనా కదిపి చూడండి, పని సంగతిలో విభక్తి తప్పరు. ‘పనికి పోయిండు’ అంటే కూలికో నౌకరికో పోయాడని. ‘పనిల ఉన్నడు’ అంటే ఇప్పుడు పిలవొద్దని. ‘పని మీద హన్మకొండ పోయిండు’ అంటే సాయంత్రం దాకా రాడని, ఏం పనో అడగొద్దని కూడా. 1858లో బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి వింటే, ఆ గ్రామ్యానికి ముందో మొట్టికాయ వేసి, తర్వాత వీపు తట్టేవాడు.

ఇంగ్లీషు దగ్గరే వస్తుంది చిక్కు. మన విభక్తి మాట వెనకాల వస్తే, వాళ్ళ ప్రిపొజిషన్ బోనాల ముందు పోతురాజులా మాటకు ముందు నడుస్తుంది. ఎవరి కొరడా ఎక్కడ తగులుతుందో తెలియదు.

మా వీధి పిల్లాడు నాన్న పని మీద ఊరెళ్ళాడని చెప్పబోయి, లీవ్ లెటర్‌లో ‘మై ఫాదర్ ఈజ్ అవుట్ ఆఫ్ వర్క్’ అని రాశాడు. ‘అవుట్ ఫర్ వర్క్’ అంటే పని మీద వెళ్ళినవాడు. ‘అవుట్ ఆఫ్ వర్క్’ అంటే పని ఊడినవాడు. టీచరమ్మ జాలిపడి, ఫీజు మెల్లగా కట్టొచ్చని కబురు చేసింది. తండ్రికి సంగతి తెలిసింది. “ఆ లెటరు దిద్దకు బిడ్డా” అన్నాడు.

‘వరకు’ది ఇంకో కథ. ‘శుక్రవారం వరకు చేసిస్త’ అని మనం అంటే అది గడువు. మా మేనకోడలు దాన్నే ‘టిల్ ఫ్రైడే’ చేసి అమెరికా మేనేజరుకు పంపింది. గడువుకు ‘బై’ వాడాలి. ‘టిల్’ అంటే శుక్రవారం దాకా చేస్తూనే ఉంటాను, ఆపైన నాకు సంబంధం లేదని. శనివారం నుంచి ఎవరు చేస్తారని ఆయన అడిగాడు. న్యాయమే కదా!

‘డిస్కస్’ వెనక ‘అబౌట్’ అక్కర్లేదని ఎంత చెప్పినా మన ‘గురించి’ వదలదు, పోనివ్వండి. ‘ఛార్జ్’ దగ్గర మాత్రం జాగ్రత్త. ‘ఇన్ ఛార్జ్ ఆఫ్’ అంటే పోలీస్ స్టేషన్ నడిపే సారు. మధ్యలో ఒక్క ‘ది’ దూరి ‘ఇన్ ది ఛార్జ్ ఆఫ్’ అయిందా, ఆ సారు పట్టుకొచ్చినవాడు.

ఎవరూ తప్పు పట్టలేని వాక్యం ఒకటుంది: ‘ఐయామ్ వర్కింగ్ ఆన్ ఇట్’. మా దర్జీ ఎక్కడ నేర్చాడో గానీ, జాకెట్లేవయ్యా అంటే ఇదే అప్పజెబుతున్నాడు. వ్యాకరణం నిర్దుష్టం, జాకెట్లు లేవు. దయచేసి మీ దర్జీకి నేర్పకండి.