నా మీదికి ఎక్కని సరుకు

నేను ధరమ్‌కాంటాను. నిజామాబాద్‌లో పసుపు గోదాములకు పోయే తోవలో, లారీని సరుకుతో సహా తూచే కాంటాను. ఉక్కు పలకల ఒళ్లు నాది. పలకల కింద బరువును పసిగట్టే లోడ్‌సెల్లులు, పక్కన ఇరుకు గది, ఆ గదిలో ఎర్ర అంకెల డబ్బా. బండి నా మీదికి ఎక్కగానే అంకెలు కాసేపు పైకీ కిందికీ ఊగి, తర్వాత నిలబడతాయి. నిలబడ్డాకే ఆపరేటరు చీటీ తీస్తాడు. నిండు బండి తూకంలోంచి ఖాళీ బండి తూకం తీసేస్తే మిగిలింది సరుకు. ఏటేటా తూనికలు, కొలతల శాఖవాళ్లు వచ్చి నన్ను పరీక్షించి ముద్ర వేసిపోతారు.

నా బతుకంతా పసుపే. జనవరి దాటిందంటే ఆర్మూరు, బాల్కొండ, మెట్‌పల్లి వైపుల నుంచి బండ్లు మొదలవుతాయి. జూన్‌లో నాటిన పంట అది. ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో ఉండి, తవ్వి, ఉడకబెట్టి, కల్లంలో ఎండబోసి, డ్రమ్ములో తిప్పి మెరుగుపెట్టాక గానీ గోనెసంచిలోకి రాదు. కొమ్ముగా ఉండే కాడి వేరు, ఉండగా ఉండే గోళ వేరు. బండి దిగిన రైతు ముందుగా అడిగే మాట ఒకటే: “తమ్మీ, ఇయ్యాల కాడికి ఎంత వోతున్నది?”

దానికి మా ఆపరేటరు కుర్రాడు రెండు జవాబులు చెబుతాడు. “యార్డుల ఒక రేటున్నది కాకా, ఫోన్ల ఒక రేటున్నది.”

ఆ రెండో రేటు గురించే నేను మాట్లాడదలచుకున్నది.

2003 నవంబరులో ఎంసీఎక్స్, డిసెంబరులో ఎన్‌సీడీఈఎక్స్ అనే సరుకుల బేరాల బజార్లు మొదలయ్యాయి. మొదటిది బంగారం, వెండి, ముడిచమురు లాంటివాటికి పేరుపడింది. రెండోది పంటల సరుకులకు. ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు బేరానికి సరుకు అప్పగించే ప్రధాన కేంద్రం మా నిజామాబాదే. అక్కడ జరిగేది ఫ్యూచర్స్ బేరం: ఫలానా నెలలో, ఫలానా నాణ్యత పసుపు, ఈ ధరకు ఇస్తాను, పుచ్చుకుంటాను అని ఇవాళే ఒప్పుకోవడం. ఒక లాటు అంటే అయిదు టన్నులు. నా మీదికి ఎక్కితే అది ఒక చిన్న లారీ. కానీ ఆ అయిదు టన్నులూ గోదాములో కదలకుండా పడి ఉండగానే, తెరమీద దాని పేరిట ఎన్నో బేరాలు చేతులు మారతాయి. వాటిలో చాలావరకు నా దాకా రానే రావు. కొన్నవాళ్లు అమ్మేసి, అమ్మినవాళ్లు కొనేసి, తేడా మాత్రం ఇచ్చిపుచ్చుకుని వెళ్లిపోతారు.

దాన్ని జూదమని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఇక్కడి వ్యాపారి ఒకాయన సీజనులో యాభై టన్నులు కొని గోదాములో పెట్టాడనుకోండి. క్వింటాలు 6,000 చొప్పున అయిదు వందల క్వింటాళ్లు. అమ్ముకునేలోగా రేటు 5,500కి పడితే రెండున్నర లక్షలు గల్లంతు. అందుకని ఆయన ముందే ఫ్యూచర్స్‌లో పది లాట్లు అమ్మి పెట్టుకుంటాడు. రేటు పడితే గోదాములో పోయినదాంట్లో చాలావరకు అక్కడ తిరిగొస్తుంది. పెరిగితే అక్కడ పోయింది సరుకులో వస్తుంది. ఆయనకు దాంట్లో పెద్ద లాభం అక్కర్లేదు, నిలకడ కావాలి. ఆ బజారు పుట్టిందే అలాంటివాళ్ల కోసం.

అయితే ఆయన వదిలించుకున్న భయాన్ని ఎవరో ఒకరు నెత్తికెత్తుకోవాలి. కొత్తగా వచ్చేవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. అతని దగ్గర పసుపు లేదు, పసుపు కొనాల్సిన అవసరమూ లేదు. ఉన్నదల్లా డబ్బు పెరుగుతుందన్న ఆశ. ఆ ఆశతో అతను కొనుక్కున్నది పసుపు కాదు, ఆ వ్యాపారి వద్దనుకున్న ప్రమాదం. పైగా అవతలి పక్కనున్నది ఏ ఊళ్లో దుంపకుళ్లు సోకిందో, ఏ యార్డుకు ఎన్ని బస్తాలు దిగుతున్నాయో, మహారాష్ట్రలోని సాంగ్లీలో బేరం ఎలా ఉందో రోజూ ఫోనులో కనుక్కునే మనుషులు. ఇతనికున్నది గ్రూపులో వచ్చిన టిప్పు.

ఇక మార్జిన్ సంగతి. పైన అనుకున్న రేటున ఒక లాటు మూడు లక్షల సరుకు. మార్జిన్ పది శాతమనుకుంటే ముప్ఫై వేలు కడితే చాలు. “ముప్ఫై వేలకు మూడు లక్షల ఆట” అని ఏజెంట్లు ఆశపెట్టేది ఇక్కడే. చాలామంది దాన్ని ప్లాటుకు ఇచ్చే బయానా లాంటిదనుకుంటారు. బయానా ఇచ్చినవాడు బేరం వద్దనుకుంటే బయానాతో పోతుంది. మార్జిన్ అలా కాదు. క్వింటాలుకు 300 పడిందంటే ఆ రోజు లెక్కలోనే పదిహేను వేలు కోసేస్తారు. తక్కువైంది నింపమని బ్రోకరు ఫోను చేస్తాడు. నింపకపోతే అడక్కుండానే బేరం తెంచేస్తాడు. 600 పడితే కట్టిన ముప్ఫై వేలూ అయిపోయాయి. ఆపైన పడేదంతా అప్పు. సరుకు ధరలో పదో వంతు కదిలితే చాలు, అతని డబ్బు పూర్తిగా తుడిచిపెట్టుకుపోతుంది. పసుపుకు అంత కదలిక రావడానికి ఒక వారం వాన చాలు.

ధర కొంత పడగానే అమ్మేసేలా స్టాప్‌లాస్ పెట్టుకుంటే భయం లేదని ధైర్యం చెప్పేవాళ్లుంటారు. పెట్టుకోవడం మంచిదే. కానీ ధర రోజువారీ హద్దుకు పడి లోయర్ సర్క్యూట్‌లో ఆగిపోయినప్పుడు కొనేవాడు ఉండడు. కొనేవాడు లేనిదే స్టాప్‌లాస్ ఏం చేస్తుంది? మర్నాడు ఇంకా కింద తెరుచుకుంటుంది.

ఒకసారి హైదరాబాద్ నుంచి ఒక అబ్బాయి కారులో వచ్చాడు. ఎండ మండిపోతోంది. కారు తెచ్చి నేరుగా నా పలకల మీద ఆపి, చేతిలో కాగితాలతో దిగాడు. “నా పసుపు ఎక్కడుందండీ?” అన్నాడు గది కిటికీ దగ్గరికొచ్చి. గడువు దగ్గరపడ్డప్పుడు పొజిషను వదిలించుకోవాలని అతనికి తెలియలేదు. పసుపులో గడువుదాకా మిగిలిన బేరానికి డెలివరీ తప్పదు. పూర్తి డబ్బు కట్టాడు, అయిదు టన్నుల పసుపుకు సొంతదారయ్యాడు. అది కాడో గోళో అతనికి తెలియదు. గోదాము అద్దె రోజురోజుకూ పెరుగుతుందని తెలియదు. ఆ బస్తాలు నా మీదికి ఎక్కినప్పుడు తూకం సరిగ్గానే వచ్చింది. ఆ సాయంత్రమే తోచిన ధరకు ఒక కమీషన్ ఏజెంటుకు అప్పగించి వెళ్లిపోయాడు. ఎంత పోగొట్టుకున్నాడో చెప్పలేదు. కారెక్కే ముందు మాత్రం ఒక బస్తా విప్పించి, ఒక కొమ్ము చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

పసుపు కదలడానికి రోజులు పట్టే సరుకు. కొత్తవాళ్లకు అది చాలదు. వాళ్లు సాయంత్రమయ్యాక క్రూడాయిల్, వెండి, నేచురల్ గ్యాస్ దగ్గరికి పోతారు. ఆ బజారు రాత్రి కనీసం పదకొండున్నర దాకా ఉంటుంది. ఉద్యోగం చేసుకుని ఇంటికొచ్చినవాడు కూడా ఆడుకోవచ్చు. మా ఆపరేటరు కుర్రాడు అలాగే దిగాడు.

2020 ఏప్రిల్. లాక్‌డౌన్. యార్డు మూతపడింది. నా మీదికి బండి ఎక్కక అంకెల డబ్బాలో సున్నాలే ఉండేవి. కుర్రాడు కాపలాకని వచ్చి గదిలో కూచునేవాడు. ప్రపంచమంతా బండ్లు ఆగిపోయి చమురు ధర రోజూ పడుతోంది. “ఇంతకన్నా ఏం దిగుతది, నీళ్ల సీసాకన్నా చౌకైంది” అని ఫోనులో ఎవరితోనో అన్నాడు. చిట్టీ ఎత్తిన సొమ్ము తెచ్చి, ఏప్రిల్ 20న, ఆ నెల కాంట్రాక్టుకు ఆఖరి రోజున, ఒక లాటు కొన్నాడు. లాటు అంటే వంద బారెళ్లు. ఆ రోజుల్లో లాక్‌డౌన్ వల్ల మన బజారు సాయంత్రం అయిదింటికే ముగిసేది. ఆఖరి బేరం బారెలు 965 రూపాయలు.

మన బజారు మూతపడింది గానీ న్యూయార్క్ బజారు తెరిచే ఉంది. మన కాంట్రాక్టుకు చివరి లెక్క తేల్చేది అక్కడి ధరే. అక్కడి కాంట్రాక్టు తీరాక చమురును అమెరికాలోని కుషింగ్ అనే ఊళ్లో పుచ్చుకోవాలి. కుషింగ్‌లో ట్యాంకులు దాదాపు నిండిపోయాయి. చమురు పెట్టుకునే చోటు లేనివాళ్లు దాన్ని వదిలించుకోవడానికి ఎదురు డబ్బు ఇచ్చారు. మన అర్ధరాత్రి వేళకు అక్కడి ధర బారెలుకు మైనస్ 37.63 డాలర్ల దగ్గర తేలింది. దాన్ని రూపాయల్లోకి మార్చి మన కాంట్రాక్టును మైనస్ 2,884 దగ్గర ముగించారు. 965 నుంచి మైనస్ 2,884కి. బారెలుకు 3,849. వంద బారెళ్లకు 3,84,900 రూపాయలు. పెట్టిన సొమ్ము పోగా లక్షల్లో బాకీ. అమ్ముకుని బయటపడదామన్నా బజారు మూసి ఉంది.

ఆ వారమే ఆర్మూరు నుంచి ఒక రైతు కాక బస్తాల లెక్క చూసుకోవడానికి వచ్చాడు. కుర్రాడి మొహం చూసి, విషయమంతా చెప్పించుకున్నాడు.

“ఆ నూనె ఏడున్నది బిడ్డా?”

“అమెరికల కాకా.”

“నీకు నూనెతోని ఏం పని వడ్డది?”

కుర్రాడు మాట్లాడలేదు. కాక కూడా మరేం అనకుండా, పోతూ పోతూ బుట్టలోంచి రెండు జొన్నరొట్టెలు తీసి బల్ల మీద పెట్టాడు. బాకీ తీర్చడానికి ఆ కుర్రాడికి ఏళ్లు పట్టింది. ఇప్పటికీ ఇక్కడే పనిచేస్తున్నాడు. మంచి పనివాడు, తూకంలో కిలో తేడా రానివ్వడు.

సరుకే లేని బేరాల సంగతి చెప్పాలంటే 2013 జూలై 31న మూతపడిన ఎన్ఎస్ఈఎల్ అనే సరుకుల బజారును తలచుకోవాలి. గోదాముల్లో సరుకుంది, దాని మీద కొని అమ్మితే నికరమైన రాబడి అని నమ్మించారు. దాదాపు పదమూడు వేల మంది పెట్టిన సొమ్ము 5,600 కోట్ల రూపాయల దాకా ఇరుక్కుపోయింది. వెళ్లి చూస్తే చాలా గోదాముల్లో చెప్పిన సరుకు లేదు. ఏ కాంటా మీదికీ ఎక్కని బస్తాలకు రసీదులు పుట్టాయి. ఆ తర్వాత 2015 సెప్టెంబరులో సరుకుల బజార్ల అజమాయిషీ షేర్ల బజార్లను చూసే సెబీ చేతికి వెళ్లింది. ఇప్పుడు గోదాము రసీదులు ఎలక్ట్రానిక్ పద్ధతిలో నమోదవుతున్నాయి. కాపలా పెరిగింది, నిజమే. అది దొంగ రసీదును ఆపుతుంది గానీ, ధర పడకుండా ఆపదు. షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో 2021-22 నుంచి మూడేళ్లలో దిగిన మామూలు మనుషుల్లో 93 శాతం మంది నష్టపోయారని 2024లో సెబీ లెక్క చెప్పింది. అది షేర్ల లెక్క, సరుకులది కాదు. కానీ మార్జిన్ రెండు చోట్లా ఒకటే పని చేస్తుంది.

ఇప్పుడు డాలరు లాంటి విదేశీ డబ్బు సంగతి. మా హమాలీల్లో సగం మందికి దుబాయిలో తమ్ముడో బావమరిదో ఉంటాడు. దిర్హం రేటు వాళ్లకు నోటికొచ్చు. నెలకు వెయ్యి దిర్హాలు వస్తే ఇంటికి ఎన్ని రూపాయలవుతాయో, దాంట్లో ఎంత బాకీ తీరుతుందో వాళ్ల లెక్క. పసుపు ఎగుమతి చేసే షావుకారుకు డాలర్లు రెండు మూడు నెలలకు వస్తాయి. ఈలోగా రేటు మారితే అతని లాభం కరిగిపోతుంది. అలాంటివాళ్ల కోసమే 2008 ఆగస్టులో షేర్ల బజారైన ఎన్ఎస్ఈలో డాలరు-రూపాయి ఫ్యూచర్స్ వచ్చాయి. లాటు వెయ్యి డాలర్లు. నిజంగా విదేశీ మారకంతో పని ఉన్నవాళ్లే వాటిలోకి రావాలని రిజర్వు బ్యాంకు 2024లో గట్టిగా చెప్పింది. మే 3 నుంచి అది అమల్లో ఉంది. ఒక హద్దు దాకా కాగితాలు చూపనక్కర్లేదు గానీ, పని మాత్రం నిజంగా ఉండాలి.

ఆ తలుపు మూసుకున్నాక కొత్తవాళ్లను యాప్‌లు పిలుస్తున్నాయి. యూరో-డాలరు, పౌండు-యెన్, వంద డాలర్లకు యాభై వేల డాలర్ల బేరం. ఒక హమాలీ అల్లుడు అందులో దిగాడు. డబ్బు పంపమన్న ఖాతా ఎవరో ఒక మనిషి పేరుతో ఉంది, మరుసటి వారం ఇంకో పేరుతో ఉంది. తెరమీద లాభం మాత్రం రోజూ పెరిగింది. తీసుకుందామంటే ముందు పన్ను కట్టమన్నారు, అది కడితే ఇంకోటి అన్నారు. భార్య గాజులు కూడా ఆ దారినే పోయాయి. అలాంటి వేదికల్లో చాలావాటి పేర్లతో రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు నుంచి హెచ్చరిక జాబితా ప్రకటిస్తోంది. జాబితాలో పేరు లేదంటే అనుమతి ఉందని అర్థం కాదు. అనుమతి లేని చోట విదేశీ మారకం బేరమాడినవాడు, నష్టపోయింది తానే అయినా, ఫెమా చట్టం కింద తానూ జవాబు చెప్పుకోవాలి.

ఫోనులో రేటు చూసి చెయ్యి తహతహలాడే తమ్ముళ్లకు నాదొక విన్నపం. డబ్బు కట్టేముందు ఆ బ్రోకరుకు సెబీ రిజిస్ట్రేషను ఉందో లేదో చూడండి. లాటు మొత్తం విలువ ఎంతో, గడువు ఎప్పుడో, గడువుకు డెలివరీ ఉందో లేదో, ధర పదో వంతు ఎదురు తిరిగితే ఎంత కట్టాలో కాగితం మీద వేసి, ఇంట్లోవాళ్లకు చూపించండి. చూపించలేని లెక్కయితే దిగకండి. ఇప్పటికే ఏ యాప్‌కో డబ్బు పంపి మోసపోయి ఉంటే, సిగ్గుపడి దాచకుండా ఇవాళే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత తొందరగా చెబితే అంత మేలు. ఆలస్యమైతే ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది.