ఒక్క గొంతుకి రెండు స్పీకర్లెందుకయ్యా?

మా రోజుల్లో రేడియోకి స్పీకరు ఒక్కటే. విజయవాడ కేంద్రం మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ మీద వచ్చేది. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీగారు ధర్మసందేహాలు తీరుస్తుంటే, ఆ గొంతు ఎడమ నుంచి వస్తోందా కుడి నుంచి వస్తోందా అని అడిగినవాడు లేడు. ఉరుములొస్తే గరగర ఉండేది, కాదనను. రాత్రయితే ఎక్కడిదో ఇంకో స్టేషను అడుగున గొణిగేది. అవి ఆకాశం పెట్టిన ఇబ్బందులు. ఇప్పటిది మనం కోరి కొనితెచ్చుకున్నది.

ఇప్పుడు ఎఫ్ఎమ్‌లో కబుర్ల కార్యక్రమం పెట్టండి. మాట్లాడేది ఒక్కరే, సెట్టు మీద స్టీరియో దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ఊరు దాటి కాస్త దూరం పోగానే మాట వెనకాల బుస్సుమని రొద. "సిగ్నల్ లేదు తాతయ్యా, యాప్‌లో విను" అంటాడు మా మనవడు. సిగ్నల్ ఉందిరా! దాన్ని పాడు చేసుకుంటున్నాం.

స్టీరియోలో ఎడమ, కుడి కలిపిన శబ్దం ఎప్పట్లాగే వెళ్తుంది. ఆ రెండింటి మధ్య తేడాని 38 కిలోహెర్ట్జ్ మీద ఎక్కించి పంపుతారు. 19 కిలోహెర్ట్జ్ దగ్గర పైలట్ టోన్ కనపడగానే సెట్టు ఆ తేడాని విప్పడం మొదలెడుతుంది. ఎఫ్ఎమ్‌లో పైకి పోయేకొద్దీ రొద ఎక్కువ. విప్పేటప్పుడు ఆ రొదా వెంటబడి వస్తుంది. బలహీనమైన సిగ్నల్‌కి ఇరవై డెసిబెల్స్ పైనే నష్టం, అంటే వంద రెట్లకు మించి. ఇక ఒక్క మనిషే మైకు ముందు కూర్చుంటే ఎడమకీ కుడికీ తేడా సున్నా. ఆ సున్నాని విప్పి వినిపించడానికి ఇంత బుస!

అమెరికాలో 1961లో ఈ పద్ధతికి అనుమతిచ్చారు. కచేరీలో వయొలిన్ ఒక పక్క, మృదంగం ఒక పక్క వినిపిస్తే నాకూ బాగానే ఉంటుంది. మాటలకెందుకు? ఆమధ్య ఒక చర్చలో ప్రశ్నలడిగేవాణ్ణి ఎడమకీ, జవాబు చెప్పేవాణ్ణి కుడికీ నెట్టేశారు. బస్సులో మనవడూ మనవరాలూ చెరో ఇయర్‌ఫోనూ పెట్టుకుని విన్నారు. వాడికి ప్రశ్నలే దక్కాయి, దానికి జవాబులే.

పాటా మాటా కలిపి వేసే స్టేషనుకి మాటిమాటికీ మోనోకి మారడం కుదరదంటారు. సరే. గంటలకొద్దీ మాటలే వేసేవాళ్ళకేం? జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008లో సంఘం రేడియో మొదలైంది. పల్లె ఆడవాళ్ళు సేద్యం గురించీ విత్తనాల గురించీ మాట్లాడుకునే స్టేషను. అలాంటి కమ్యూనిటీ రేడియోలకి సర్కారు మామూలుగా ఇచ్చేది 100 వాట్లే. ఆ కాస్త బలం పొలిమేర దాకా నిలవాలంటే మోనోయే దారి. మాటల స్టేషన్లు నడిపే ఇంజినీరు బాబులూ, మాటలు సాగేంతసేపూ ఆ పైలట్ టోన్ ఆపెయ్యండి. సెట్లన్నీ వాటంతటవే మోనోకి దిగుతాయి.

అప్పటిదాకా మీరైనా ఒక పని చెయ్యండి. పాత టూ-ఇన్-వన్ అటక మీద ఉంటే దింపండి. చాలావాటికి ఎఫ్ఎమ్ మోనో, ఎఫ్ఎమ్ స్టీరియో అని చిన్న మీట ఉంటుంది. దాన్ని మోనో వైపు జరిపి, వార్తలు పెట్టుకోండి.